ఫాస్ఫిన్‌కి పురుగు లొంగుతోందా లేదా? ల్యాబ్ టెస్టులో 14వ రోజు దాకా ఆగాల్సిందేనా?

ఎర్రపెంకు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఎంటమాలజీ చేస్తున్నాను, థీసిస్ గోడౌన్ పురుగుల మీద. మూడు రైస్ మిల్లుల నుంచి ఎర్ర పిండి పురుగుల్ని తెచ్చి పెంచి, వాటి పిల్లల తరం మీద ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) పద్ధతిలో ఫాస్ఫిన్ (గోడౌన్లలో బిళ్లలు పెట్టి పురుగుల్ని చంపే గ్యాస్) టెస్టు పెట్టాను. లీటరుకి 0.04 మిల్లీగ్రాముల గ్యాస్, 25 డిగ్రీలు, 70 శాతం తేమ, 20 గంటలు. డెసికేటర్ (గాలి చొరబడని గాజు పాత్ర) మూత తీసిన రోజు చూస్తే దాదాపు అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి, అక్కడక్కడా కాళ్లు మాత్రం ఆడుతున్నాయి. సీనియర్లు ఆ రోజు లెక్కే రాసేసుకోమన్నారు. నేను కొంచెం పిండి వేసి 14 రోజులు ఉంచాను. లెక్క పూర్తిగా మారిపోయింది. మొదటి మిల్లు పురుగుల్లో మూడో వంతు దాకా లేచి పిండిలో తిరుగుతున్నాయి, రెండో మిల్లువి వందకి ఐదారు, మూడో మిల్లువి ఒక్కటి కూడా లేదు. గ్యాస్ పెట్టని కంట్రోల్‌లో చావు 5 శాతం లోపే. ఏళ్ల తరబడి ఏ మందూ తగలకుండా ల్యాబ్‌లో పెంచుతున్న స్ట్రెయిన్ (పురుగుల వంశం) మొత్తం చచ్చింది.

ఏ రోజు లెక్క రాయాలి? మూడో మిల్లులో నిరోధకత లేదు అని ధైర్యంగా రాసేయొచ్చా? ఇంకొకటి, మొదటి మిల్లు ఓనర్ గారు రోజూ ఫోన్ చేసి "మరి ఎన్ని బిళ్లలు పెట్టమంటారు" అని అడుగుతున్నారు, ఆయనకి ఏం చెప్పాలో తోచడం లేదు.

డెసికేటర్ | సోమవారం, రాత్రి 10:05

14వ రోజు లెక్కే రాయండి. దీంట్లో రెండో మాట లేదు. ఎఫ్‌ఏఓ 16వ నంబరు పద్ధతి 1975లో వచ్చింది, అందులో 20 గంటల గ్యాస్ తర్వాత 14 రోజులు ఆగమన్నది ఊరికే కాదు. ఫాస్ఫిన్ మెల్లగా చంపే గ్యాస్. అది పురుగు కణాల్లో శక్తి తయారయ్యే చోట దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బ పూర్తిగా బయటపడటానికి రోజులు పడుతుంది. పడిపోవడం వేరు, చావడం వేరు. గ్యాస్‌లో మొద్దుబారి వెల్లకిలా పడినవి బయటి గాలి తగిలాక లేచి నడుస్తాయి, అవి మొదటి రోజు లెక్కలో చచ్చినవాటి ఖాతాలో పడతాయి. ఇంకొన్ని లేచినట్టే లేచి వారం తిరక్కుండా చస్తాయి, వాటిని మీరు బతికినవాటి ఖాతాలో వేస్తారు. తప్పు రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి మొదటి రోజు అంకెని ఏ గుణకంతో సరిచేసినా లాభం లేదు.

ఆ 14 రోజులూ తిండి పెట్టడం కూడా ముఖ్యమే. ఆకలితో చచ్చినదాన్ని గ్యాస్‌తో చచ్చిందని రాసే పరిస్థితి రాకూడదు. చివరి రోజు మెత్తటి బ్రష్‌తో ఒక్కోదాన్నీ తాకి చూడండి, ఏ కాలూ మీసమూ కదలకపోతేనే చచ్చినట్టు.

కంట్రోల్ చావు 5 శాతం లోపు ఉంది కాబట్టి మీకు సవరణ అక్కర్లేదు. 5 నుంచి 20 మధ్య ఉంటే ఆబట్ ఫార్ములాతో కంట్రోల్ చావుని మినహాయించి లెక్కగట్టాలి, 20 దాటితే ఆ టెస్టు పక్కన పడేసి మళ్లీ పెట్టుకోవాలి.

మిల్లు_తూర్పుగోదావరి | సోమవారం, రాత్రి 10:48

నేను చదువుకున్న శాస్త్రవేత్తని కాదు, మిల్లు నడిపేవాణ్ణి, ఒక మాట అడుగుతాను కోప్పడకండి. లీటరుకి 0.04 మిల్లీగ్రాములు అంటే ఎంత? మా దగ్గర గ్యాస్ పెట్టే కుర్రాడి మీటరు పీపీఎంలో (గాలిలో పది లక్షల పాళ్లకి ఎన్ని పాళ్ల గ్యాస్ అని) చూపిస్తుంది, కవర్ కింద వెయ్యి దాకా వెళ్లడం నేను కళ్లారా చూశాను. మీ టెస్టు దానికి ఏ మూలకి సరిపోతుంది?

డెసికేటర్ | సోమవారం, రాత్రి 11:20

కోపం ఎందుకండీ, అడగాల్సిన ప్రశ్నే. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 1 మిల్లీగ్రాము ఫాస్ఫిన్ అంటే సుమారు 720 పీపీఎం. అంటే 0.04 అన్నది దాదాపు 29 పీపీఎం. మీరు టన్నుకి 3 గ్రాముల బిళ్లలు మూడు పెడతారు, ఒక్కో బిళ్ల ఒక గ్రాము గ్యాస్ ఇస్తుంది, టన్ను బస్తాలు పట్టే చోటుతో భాగిస్తే ఏమీ లీకవకపోతే వెయ్యి పీపీఎం దాటుతుంది. మీరు చూసింది నిజమే.

కానీ ఈ 29 పీపీఎం అన్నది చంపడానికి పెట్టిన డోసు కాదు, తేడా పట్టడానికి పెట్టిన డోసు. మందుకి లొంగే మామూలు పిండి పురుగు 20 గంటలు ఈ గ్యాస్‌లో ఉంటే బతకదు. ఎవరైనా బతికి బట్టకట్టారంటే వాళ్లలో మామూలు పురుగులో లేనిదేదో ఉన్నట్టు. అంతవరకే ఈ టెస్టు చెబుతుంది. మీ గోడౌన్‌లో ఎన్ని పీపీఎం ఎన్ని రోజులు కావాలో ఇది చెప్పదు.

ఒక్కో పురుగుకి ఈ డోసు వేరు. నుసి పురుగుకి 0.03, పిండి పురుగుకి 0.04, బియ్యం ముక్కు పురుగుకి 0.04, రంపపు పళ్ల పురుగుకి 0.05. ఒకదాని డోసు ఇంకోదానికి వాడితే ఫలితానికి అర్థం ఉండదు.

గ్యాస్‌కవర్ | మంగళవారం, ఉదయం 6:35

నేను లైసెన్సు తీసుకుని ఫ్యూమిగేషన్ (గోడౌన్లకి గ్యాస్ పెట్టే) పనే చేస్తాను. మూర్తి గారూ, అదే మిల్లు గారూ, మీరు వెయ్యి చూసింది ఎప్పుడు? మొదటి రోజో రెండో రోజో అయి ఉంటుంది. ఐదో రోజు అదే నిట్టు (బస్తాల దొంతర) కింద, గోడ వైపు మూలలో మీటరు గొట్టం పెట్టి చూడండి. నేను చాలా చోట్ల చూశాను, రెండంకెల్లోకి పడిపోయి ఉంటుంది. కవర్ మీద ఎలుక కొట్టిన చిల్లు, ఇసుక పాములు (కవర్ అంచుని నేలకి అదిమే పొడుగాటి ఇసుక సంచులు) రెండూ కలిసే చోట జానెడు ఖాళీ, నేల మీద గచ్చు పగులు, ఇవి చాలు గ్యాస్ పోవడానికి. బిళ్లలు లెక్క ప్రకారమే పెట్టారు, రికార్డులో ఏడు రోజులే రాశారు, పురుగుకి మాత్రం మంచి గ్యాస్ తగిలింది రెండు రోజులు.

అలాంటప్పుడు బతికిన పురుగుని చూసి "మందు పని చేయట్లేదు, పురుగు ముదిరిపోయింది" అనేస్తారు. అది ముదిరిందో, గ్యాస్ కారిపోయిందో ల్యాబ్ టెస్టు లేకుండా ఎలా తెలుస్తుంది? అందుకే ఈ ఎర్రపెంకు కుర్రాడు చేస్తున్న పని నాకు చాలా విలువైనదిగా కనిపిస్తోంది.

డెసికేటర్ | మంగళవారం, ఉదయం 7:50

పైన చెప్పినదానికి చరిత్రలోనే రుజువుంది. ఎఫ్‌ఏఓ 1972–73లో 82 దేశాల నుంచి పురుగుల్ని తెప్పించి ఇదే రకం టెస్టులు చేయించింది, ఫలితాలు 1976లో అచ్చయ్యాయి. ఫాస్ఫిన్‌ని తట్టుకునే స్ట్రెయిన్లు అప్పటికే పదింట ఒకటి ఉన్నాయి, అయితే తట్టుకునే శక్తి తక్కువ స్థాయిలో ఉండేది. 1979లో మన పంజాబ్ నుంచి కాప్రా పురుగులో రిపోర్టు వచ్చింది. 1980ల మొదట్లో బంగ్లాదేశ్ ఆహార గోడౌన్లలో గ్యాస్ పెట్టినా పురుగు చావడం లేదని పరీక్షిస్తే గట్టి నిరోధకత బయటపడింది. సరిగా మూయని గోడౌన్లలో మళ్లీ మళ్లీ గ్యాస్ పెట్టడం, ప్రతిసారీ సగం డోసుకి బతికినవి పిల్లల్ని పెట్టడం, అలా పెరిగింది అది. కాబట్టి లీకు, నిరోధకత రెండూ వేర్వేరు కారణాలే అయినా, మొదటిది రెండోదాన్ని పుట్టిస్తుంది.

క్వీన్స్‌లాండ్‌తెలుగు | మంగళవారం, ఉదయం 8:30

నేను ఆస్ట్రేలియాలో ధాన్యం నిల్వ రంగంలోనే పని చేస్తాను, మాది కృష్ణా జిల్లా. ఆ "మామూలు పురుగులో లేనిదేదో" ఏమిటో ఇక్కడ చాలా వరకు తేల్చారు. ప్రధానంగా రెండు జన్యువులు. ఒకటి ఒక్కటే ఉంటే తక్కువ స్థాయి నిరోధకత, రెండూ కలిస్తే గట్టిది, రెండూ కలిసినప్పుడు వచ్చే బలం విడివిడిగా వచ్చే బలాల మొత్తం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండో జన్యువు డైహైడ్రోలిపోఅమైడ్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైముదని 2012లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు సైన్స్ పత్రికలో రాశారు. శక్తి తయారీలో పనిచేసే ఎంజైమే అది. మన దేశపు పిండి పురుగు, నుసి పురుగు రెండింటిలోనూ ఆ ఎంజైములో ఒకే చోట ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో సెరీన్ అనే ఇంకోటి వచ్చిన మార్పు కనిపించింది, అంటే రెండు వేర్వేరు జాతులు ఒకే దారి పట్టాయి. నాకు ఆ సంగతి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఎర్రపెంకు అడిగిన రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఈ గుణం రిసెసివ్. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వచ్చిన పురుగే మీ టెస్టులో బతుకుతుంది. ఒక్క కాపీ ఉన్నది మామూలు పురుగులాగే చస్తుంది, కానీ గుణాన్ని పిల్లలకి ఇచ్చే పోతుంది. మూడో మిల్లు పురుగులన్నీ చచ్చాయంటే గుణం లేదని కాదు, రెండు కాపీల పురుగు మీ నమూనాలో దొరకలేదని.

ఎర్రపెంకు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అయితే ఎలా రాయాలి సార్? వంద పురుగులు పెట్టాను, యాభై చొప్పున రెండు సార్లు. ఒక్కటీ బతకలేదు.

క్వీన్స్‌లాండ్‌తెలుగు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

"పరీక్షించిన వంద పురుగుల్లో ఏదీ బతకలేదు" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. గణితం ఏమంటుందంటే, వందలో సున్నా వస్తే అసలు జనాభాలో తట్టుకునేవి 3 శాతం దాకా ఉండే అవకాశాన్ని 95 శాతం నమ్మకంతో కొట్టిపారేయలేం. రిసెసివ్ గుణం 3 శాతం పురుగుల్లో కనబడాలంటే జన్యువు వాటా వర్గమూలం లెక్కన 17 శాతం ఉండొచ్చు. అంటే ఆరు కాపీల్లో ఒకటి. దాన్ని "నిరోధకత లేదు" అని ఎలా అంటాం? వీలుంటే ఆ మిల్లు పురుగుల్ని ఆల్కహాల్‌లో వేసి ఉంచండి, డీఎన్‌ఏ టెస్టు చేసే ల్యాబ్ దొరికినప్పుడు ఒక్క కాపీ మోస్తున్నవి కూడా తెలుస్తాయి. బతికున్న పురుగుల మీద చేసే టెస్టుకి అది ప్రత్యామ్నాయం కాదు, కొత్త మార్పు ఏదైనా వస్తే డీఎన్‌ఏ టెస్టుకి అది కనబడదు. రెండూ కావాలి.

పిండిడబ్బా | మంగళవారం, సాయంత్రం 5:22

నేను ల్యాబ్‌లో పురుగులు పెంచే పని చూస్తాను. అందరూ డోసుల గురించి, జన్యువుల గురించి మాట్లాడుతున్నారు గానీ టెస్టు సగం పెంపకంలోనే గెలుస్తుంది లేదా ఓడిపోతుంది. ఎవరూ పట్టించుకోని పని ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పిండి పురుగుకి గోధుమ పిండి 95 పాళ్లు, ఈస్టు పొడి 5 పాళ్లు, 30 డిగ్రీలు. పిండిని ముందే వేడి చేసి గానీ ఫ్రీజర్లో పెట్టి గానీ తీయాలి, లేకపోతే కొట్టు పిండిలోంచి వచ్చిన ఎవరి పిల్లలో మీ మిల్లు పురుగుల్లో కలిసిపోతాయి. నుసి పురుగుకి, ముక్కు పురుగుకి పిండి పనికిరాదు, గింజలే కావాలి. నుసి పురుగు గింజ లోపల పెరుగుతుంది కాబట్టి బయటికి వచ్చిన తేదీ తెలియాలంటే పెద్దవాటిని జల్లించి తీసేసి, ఆ తర్వాత కొత్తగా వచ్చినవాటిని వేరే సీసాలో పెట్టుకోవాలి. వయసు ఒకటి నుంచి మూడు వారాల మధ్య ఉండాలి. అప్పుడే గూడు వదిలిన లేత ఎరుపు పురుగుల్ని పెడితే ఒక లెక్క, ముసలివాటిని పెడితే ఇంకో లెక్క వస్తుంది.

సీసాలో జనాభా ఎక్కువైతే పిండి రంగు మారి గులాబీ ఛాయ వస్తుంది, మూత తీయగానే ముక్కు పట్టేసే ఘాటు వాసన కొడుతుంది. అది పిండి పురుగు వదిలే క్వినోన్ల వాసన. ఆ సీసాలో పురుగులు అప్పటికే నీరసపడి ఉంటాయి, వాటిని టెస్టుకి తీయకండి. నేను వాసన వచ్చేలోపే పిండి మార్చేస్తాను.

ఇంకా, పురుగుల్ని చేత్తో గానీ పట్టకారుతో గానీ పట్టుకోకూడదు, కాలు విరిగితే 14వ రోజు అది చచ్చినట్టే కనిపిస్తుంది. గాలి పీల్చే సన్న గొట్టంతో, లేదా మెత్తటి బ్రష్‌తో కాగితం మీదకి తోసి ఎక్కించాలి. పిండి పురుగు, నుసి పురుగు శుభ్రమైన గాజు మీద ఎక్కలేవు, అంచు దగ్గర భయం లేదు. ముక్కు పురుగు మాత్రం చకచకా ఎక్కేస్తుంది, దాని పాత్ర అంచుకి ఫ్లూవాన్ (పురుగు కాలు జారిపోయే పూత) పూయకపోతే లెక్క పెట్టేలోపు సగం బయట ఉంటాయి. ముక్కు పురుగుని చూసినంతలో గుర్తు పట్టొచ్చు, నుసి పురుగు మాత్రం తల కిందికి దాచుకుని ఉంటుంది, పైనుంచి చూస్తే తల లేని గొట్టంలా కనిపిస్తుంది.

కరెంటు సంగతి చెప్పాలి. ఎండాకాలంలో ఇన్‌క్యుబేటర్ ఆగితే గది 35 దాటుతుంది. వేడిలో పురుగు ఊపిరి ఎక్కువ తీస్తుంది, గ్యాస్ ఎక్కువ మింగుతుంది, ఎక్కువ చస్తుంది. తట్టుకునే పురుగు కూడా లొంగే పురుగులా కనిపిస్తుంది. 20 గంటలూ ఉష్ణోగ్రత రికార్డు చేసే చిన్న లాగర్ లోపల పెట్టడం నేను మానను.

డెసికేటర్ | మంగళవారం, రాత్రి 9:30

పై పోస్టు ప్రింటు తీసి ప్రతి ల్యాబ్‌లో అతికించాలి మేడం. గ్యాస్ కొలత గురించి దానికి ఒక ముక్క కలుపుతాను.

ఆరు లీటర్ల డెసికేటర్ అనుకుందాం. 0.04 చొప్పున కావాల్సింది 0.24 మిల్లీగ్రాముల ఫాస్ఫిన్. స్వచ్ఛమైన గ్యాస్ 25 డిగ్రీల దగ్గర మిల్లీలీటరుకి సుమారు 1.39 మిల్లీగ్రాములు తూగుతుంది, మీరు సేకరించిన గ్యాస్ స్వచ్ఛత 86 శాతం ఉంటే 1.2. అంటే సిరంజితో లోపలికి ఎక్కించాల్సింది మిల్లీలీటరులో అయిదో వంతు. సూది కాస్త వదులై ఇందులో పావు వంతు కారిపోయినా మీ డోసు 0.04 కాదు, 0.03. నుసి పురుగు డోసు అది! అందుకే గాఢమైన గ్యాస్‌ని నేరుగా ఎక్కించకుండా ముందు గాలితో పలుచన చేసి ఎక్కువ పరిమాణం ఎక్కించడం మేలు. డెసికేటర్ ఆరు లీటర్లని కంపెనీ వాడు రాస్తే నమ్మకండి, నీళ్లు నింపి తూకం వేసి చూసుకోండి. లోపలి గ్యాస్‌ని మొదట్లోనూ 20వ గంటలోనూ గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌తో కొలిచి రెండు అంకెలూ రాయండి. రెండో అంకె బాగా పడిపోయి ఉంటే మూత అంచు గ్రీజు సరిగా పట్టలేదని, గ్యాస్ కారిందని అర్థం.

పురుగుల్ని కిక్కిరిసి పెట్టకండి. లోపల ఆక్సిజన్ తగ్గితే ఫాస్ఫిన్ పని చేయదు, పురుగు దాన్ని తీసుకోదు.

మిర్చియార్డు | బుధవారం, ఉదయం 10:10

ఇంత తతంగం ఎందుకండీ? సిరంజిలో 3000 పీపీఎం గ్యాస్ తీసి అందులో పురుగులు వేసి ఎన్ని నిమిషాల్లో పడిపోతాయో చూసే కిట్ ఉంది కదా. పావుగంటలో తేలిపోతుంది. గోడౌన్ దగ్గరే చేసుకోవచ్చు, 14 రోజులు ఆగితే సరుకు అమ్ముడైపోతుంది.

డెసికేటర్ | బుధవారం, ఉదయం 11:00

ఆ కిట్‌ని నేను తక్కువ చేయను. నిట్టు తెరవకముందే ఏ గోడౌన్ పురుగుల్ని ల్యాబ్‌కి పంపాలో ఏరుకోవడానికి అది బాగా పనికొస్తుంది. అయితే అది కొలిచేది పడిపోయే వేగాన్ని. మరీ గాఢమైన గ్యాస్‌లో పురుగు వెంటనే మొద్దుబారి ఊపిరి తగ్గించేస్తుంది, పడింది కాబట్టి చస్తుందని చెప్పలేం. ఫీల్డులో సులువుగా చేసేదాన్ని ఫీల్డులో నిర్ణయానికి వాడండి, థీసిస్‌లోనూ రిపోర్టులోనూ శాతం రాయడానికి వాడకండి.

మిర్చియార్డు | బుధవారం, ఉదయం 11:25

నిర్ణయమే కదా మాకు కావాల్సింది. ఒప్పుకుంటున్నాను, శాతాలు రాసేవాళ్లకి మీ పద్ధతే. కానీ వ్యాపారికి 14 రోజులు చాలా ఎక్కువ, ఆ ఇబ్బందిని కూడా శాస్త్రవేత్తలు మనసులో పెట్టుకోవాలి.

పిండిడబ్బా | బుధవారం, మధ్యాహ్నం 12:40

14 రోజులే కాదండీ, గోడౌన్ నుంచి వచ్చిన పురుగుల్ని పెంచి తర్వాతి తరం బయటికి వచ్చేదాకా పట్టే సమయం కూడా కలపాలి. తెచ్చినవాటినే పెట్టేస్తే వాటి వయసు తెలియదు, నిన్నే సగం గ్యాస్ తిని వచ్చాయేమో తెలియదు. తొందర నాకు అర్థమవుతుంది, కానీ తొందరలో వచ్చిన తప్పు అంకె మీ సరుకుకే చేటు.

గ్యాస్‌కవర్ | బుధవారం, రాత్రి 8:15

అసలు భయం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను అంటున్నాను. కొత్త పిల్లలు ల్యాబ్‌లో ఒంటరిగా ఈ గ్యాస్‌తో పని చేయకండి. మనిషికి ఎనిమిది గంటల పనికి పెట్టిన పరిమితి 0.3 పీపీఎం, 50 పీపీఎం దగ్గర ప్రాణాపాయం. మీ డెసికేటర్ లోపలిది 29, సిరంజిలోది దాని కంటే ఎన్నో వేల రెట్లు. వెల్లుల్లి వాసన వస్తేనే గ్యాస్ ఉన్నట్టని అనుకోవద్దు, వాసన రాకుండా కూడా ఉంటుంది. మీటరు ఉండాలి, ఫ్యూమ్ హుడ్ (గ్యాస్ని బయటికి లాగేసే అర) ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. గాఢమైన ఫాస్ఫిన్ గాలిలో 1.8 శాతం దాటితే దానంతట అదే అంటుకోవచ్చు. నాకు ఈ పనిలో తోటివాళ్లు పోయిన కుటుంబాలు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

డెసికేటర్ | బుధవారం, రాత్రి 9:02

నూటికి నూరు పాళ్లు. గ్యాస్ తయారు చేయడం, సేకరించడం శిక్షణ ఉన్నవాళ్ల సమక్షంలోనే జరగాలి, ఆ వివరాలు ఇక్కడ ఎవరూ రాయొద్దని మోడరేటర్‌గా కూడా కోరుతున్నాను. ఫాస్ఫిన్ రాగిని తినేస్తుంది కాబట్టి బ్యాలెన్సు, కంప్యూటరు, ఫోను ఆ గదిలో పెట్టకండి.

ఎర్రపెంకు | గురువారం, ఉదయం 7:18

అందరికీ చాలా థాంక్స్. మా గైడ్ గారికి ఈ చర్చ చూపించాను, 14వ రోజు లెక్కే థీసిస్‌లోకి వెళ్తుంది. మొదటి మిల్లు పురుగులకి ఇప్పుడు వరుస డోసులు పెట్టి ఎల్‌సీ50 (సగం పురుగుల్ని చంపే గాఢత) తీద్దామని ఉంది. ప్రోబిట్ (డోసుకీ చావు శాతానికీ గీత గీసే గణిత పద్ధతి) సరిపోతుందా?

క్వీన్స్‌లాండ్‌తెలుగు | గురువారం, ఉదయం 8:45

పెట్టండి, కానీ గీత తిన్నగా రాకపోతే కంగారు పడకండి. మూడో వంతు బతికిన జనాభా అంటే లొంగేవి, తట్టుకునేవి కలిసి ఉన్నాయి. చిన్న డోసుల్లో లొంగేవన్నీ చచ్చాక చావు శాతం ఒక చోట ఆగి మెట్టులా కనిపిస్తుంది, డోసు బాగా పెంచాక మళ్లీ పెరుగుతుంది. ప్రోబిట్ ఒక్క గీతే గీస్తుంది, దాన్నుంచి వచ్చిన ఎల్‌సీ50 రెండు రకాల్లో దేనికీ చెందదు. ఆ మెట్టు ఎక్కడుందో గ్రాఫులో చూపించడమే మంచి ఫలితం. తట్టుకున్నవాటిని మాత్రమే పెంచి మళ్లీ టెస్టు చేస్తే గట్టి రకమా తక్కువ రకమా తెలుస్తుంది. దానికి ఎక్కువ డోసు, 48 గంటల పద్ధతి ఉంది.

పెద్ద పురుగుల మీదే ఆగకండి. గుడ్డు, ప్యూపా దశలు పెద్దవాటి కంటే గ్యాస్‌ని బాగా ఓర్చుకుంటాయి. గోడౌన్‌లో కవర్ తీసిన నెలకి మళ్లీ కనిపించేవి చాలాసార్లు అవే.

మిల్లు_తూర్పుగోదావరి | గురువారం, మధ్యాహ్నం 3:30

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే మా మిల్లు పురుగు ముదిరిందో లేదో మాకే తెలియదు. ఆ మొదటి మిల్లు ఆయన అడిగిందే నేనూ అడుగుతున్నాను. ముదిరిందని తేలితే బిళ్లలు రెట్టింపు చేయాలా?

గ్యాస్‌కవర్ | గురువారం, సాయంత్రం 4:10

వద్దు సార్. బిళ్లలు పెంచితే మొదటి రోజు మీటరు పెద్ద అంకె చూపిస్తుంది, చిల్లు ఉంటే ఐదో రోజుకి అదే ఖాళీ. ముందు కవర్ అతుకులు, ఇసుక పాములు, నేల పగుళ్లు. ఆ తర్వాత రోజులు పెంచడం. ఫాస్ఫిన్‌కి గాఢత కంటే సమయం బలం.

క్వీన్స్‌లాండ్‌తెలుగు | గురువారం, సాయంత్రం 5:05

ఇక్కడి రైతుల సీల్డ్ సైలోలకి (గాలి చొరబడని పెద్ద ధాన్యం డబ్బాలకి) చెప్పే లెక్క కూడా అదే దారి. కనీసం 300 పీపీఎం ఏడు రోజులు, లేదా 200 పీపీఎం పది రోజులు, అదీ అన్ని మూలల్లోనూ. గాలి ఒత్తిడి పెట్టి అది సగానికి పడటానికి ఎంత సేపు పడుతుందో చూశాకే సైలో గ్యాస్‌కి పనికొస్తుందంటారు, కొత్త సైలోకి ఐదు నిమిషాలు నిలబడాలి. మన బస్తాల నిట్టుకి ఆ అంకెలు నేరుగా వర్తించవు, కానీ మీటరు చూడకుండా రోజులు లెక్కపెట్టడం వల్ల ఉపయోగం లేదన్నది రెండు చోట్లా ఒకటే.

మిథైల్ బ్రోమైడ్ అనే ఇంకో గ్యాస్ ఉన్న రోజుల్లో ఇది పని చేయకపోతే అదైనా ఉంది అనుకునేవాళ్లు. ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం వల్ల 2015 నుంచి మన లాంటి దేశాల్లో కూడా క్వారంటైన్, ఎగుమతి ముందు వాడకం తప్ప మిగతాది ఆగిపోయింది. గోడౌన్ మనిషికి చవకగా చేతిలో ఉన్నది ఫాస్ఫిన్ ఒక్కటే. దాన్ని పోగొట్టుకుంటే చాలా కష్టం, అందుకే ఈ టెస్టుల మీద నాకు ఇంత పట్టుదల.

పసుపుకొమ్ము | గురువారం, రాత్రి 7:40

నిజామాబాద్ వైపు పసుపు నిల్వల్లో సిగరెట్ పురుగు చాలా ఉంది. దానికీ ఇదే టెస్టా?

డెసికేటర్ | గురువారం, రాత్రి 8:20

సూత్రం అదే, పెంపకం, డోసు వేరు. అది పొగాకు గోడౌన్లలో కూడా పెద్ద సమస్య, ఫాస్ఫిన్‌ని తట్టుకునే రకాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. పిండి పురుగు అంకెలు దానికి వాడొద్దు. వేరే చర్చ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం.

మిల్లు_తూర్పుగోదావరి | గురువారం, రాత్రి 9:00

మా మిల్లు పురుగుల్ని పంపిస్తాను, ఎలా పంపాలి?

పిండిడబ్బా | గురువారం, రాత్రి 9:45

గ్యాస్ పెట్టకముందే పట్టండి, పెట్టాక దొరికినవి వేరుగా ఇంకో సీసాలో. ఒకే మూల నుంచి కాకుండా నిట్టు అడుగు, గోడ అంచు, తవుడు గది, ఊడ్చిన చెత్త, ఇలా నాలుగైదు చోట్ల నుంచి జల్లెడ పట్టి కనీసం వంద దాకా పోగు చేయండి. వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో సగానికి తక్కువగా అదే మిల్లు బియ్యమో నూకో వేసి, మూత బదులు పలుచని గుడ్డ రబ్బరు బ్యాండుతో గట్టిగా కట్టండి. మూత బిగిస్తే లోపల చెమ్మ పట్టి దారిలోనే చస్తాయి. రెండు గోడౌన్ల పురుగుల్ని ఒకే సీసాలో కలపొద్దు. ఎండలో కారులో ఉంచొద్దు. చీటీ మీద ఊరు, పట్టిన తేదీ, ఏ సరుకు, చివరిసారి గ్యాస్ ఎప్పుడు పెట్టారు, ఎన్ని బిళ్లలు, కవర్ ఎన్ని రోజులు ఉంచారు, ఇవన్నీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను ఇంకు చెమ్మకి కారిపోతుంది.

ఎర్రపెంకు | గురువారం, రాత్రి 10:15

సార్, మీ సీసా మా ల్యాబ్‌కి పంపండి, మిల్లు పేరు బయట పెట్టను, నంబరు మాత్రమే వేస్తాను. అడ్రసు పర్సనల్ మెసేజ్‌లో పెట్టాను. చీటీలో ఐదో రోజు మీటరు అంకె కూడా ఉంటే ఇంకా మంచిది.

మిల్లు_తూర్పుగోదావరి | శుక్రవారం, ఉదయం 6:50

ఐదో రోజు అంకె ఇంతవరకు ఎప్పుడూ తీయించలేదు. ఈ వారం కొత్త నిట్టుకి కవర్ కప్పుతున్నాం, కుర్రాడికి చెప్పాను, గోడ వైపు మూలలో గొట్టం పెట్టి రోజూ ఫోటో తీసి పంపమని. పురుగుల్ని ఇవాళే కవర్ కప్పకముందు పట్టిస్తున్నాను.